రత్నమన్న పెట్టెలో కోటు

ముప్పై ఏళ్లకు పైగా ఒక కోటు మోస్తున్నాను. ఒంటి మీద లేదు. అయినా దాని బరువు దిగలేదు. పేరు చెప్పను. ఆళ్లగడ్డ వాణ్ని, అరవై దాటినవాణ్ని, అంతే. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెప్తున్నాను.

కువైట్‌లో ఒక సేటు ఇంట్లో నేను వంటవాణ్ని, గోస్పాడు రత్నమన్న డ్రైవరు. ఇద్దరిదీ ఒకే గది. ఎవరి ఇనుప పెట్టె వారిది, మూత మీద తెల్ల రంగుతో పేరు, ఊరు. తాళంచెవి పోతే తిప్పలని ఒకరి రెండో చెవి ఇంకొకరి దగ్గర ఉంచుకునేవాళ్లం. పక్క దేశం సైన్యం వచ్చి కువైట్‌ను ఆక్రమించగానే సేటు పారిపోయాడు. ఆ ఇంట్లో దిగిన సైనికులకు నేను వండిపెట్టాను. తుపాకీ ఎదురుగా ఉంటే కాదంటానా? కానీ చలికాలంలో వాళ్ల అధికారి తన సైనిక కోటు ఇస్తే ఎగిరి గంతేసి తొడుక్కున్నాను. దానికి మాత్రం ఎవరూ బలవంతం చేయలేదు.

ఆ సైన్యం ఓడిపోయింది. సేటు తిరిగొచ్చాడు. శత్రువుకు సాయం చేసినవాళ్ల కోసం కువైట్ పోలీసులు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. ఒక మధ్యాహ్నం వాళ్ల జీపు మా వీధి చివర ఆగింది. కిటికీలోంచి చూశాను. కోటు బయట పారేసే వ్యవధి లేదు. నా దగ్గరున్న చెవితో రత్నమన్న పెట్టె తీసి బట్టల అడుగున కుక్కాను. ఆయన సేటుకు నమ్మకస్తుడు, ఆయన్నేమీ అనరులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఛీ, లేదు. అది నన్ను నేను ఊరడించుకోవడానికి తర్వాత అల్లుకున్న మాట. అప్పుడు నా మెడ తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు.

సోదాలో కోటు దొరికింది, పెట్టె మీద ఆయన పేరు ఉండనే ఉంది. శత్రువుతో చేతులు కలిపాడని కేసు పెట్టారు. కోటు ఎవరిదని కోర్టులో నన్ను అడిగారు. రత్నమన్న వైపు వేలు చూపించాను, అది చాలింది. ఏడేళ్ల జైలు.

విడుదలై వచ్చాక ఆళ్లగడ్డ బస్టాండులో ఒకే ఒక్కసారి అడిగాడు.

“ఆ కోటు నా పెట్టెలోకి యాడనుంచి వచ్చిందప్పా?”

“నాకేం తెలుసన్నా.”

“సరే, నీకు తెలీదులే.” టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. తెలిసే అన్నాడా? ఆ తర్వాత ఆయన కంటబడకుండా తిరిగాను.

పోయిన నెల రత్నమన్న నంద్యాలలో చనిపోయాడు. జ్ఞాపకార్థ ప్రార్థన నాడు ఆయన భార్య సువార్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“ఆయన చేసిన పాపం ప్రభువు క్షమించాలని నువ్వే ప్రార్థన చేయప్పా. ఆడుండి చూసినోడివి.”

ఏ పాపం? ఎవరిది?

“కోటు నాదమ్మా. ఆ పెట్టెలో పెట్టింది నేనే.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడమీది ఫొటో వైపు తిరిగి దానితోనే మాట్లాడింది. “నేను చేయలేదే, చేయలేదే అని సచ్చేదాకా మొత్తుకున్యావు. పక్కన పండుకునేదాన్ని, నేనే నమ్మకపోతిని.” నా వైపు చూడకుండానే అంది, “నువ్వు పో.”

వచ్చేశాను. నా బరువు తీసుకెళ్లి ఆమె గుండె మీద పెట్టి వచ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆళ్లగడ్డ బస్సులో కూర్చున్నాక గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.