మడతలమ్మ విప్పిన పారాచూట్

పారాచూట్ మడవడం కూడా ఒక పనేనా, దుప్పటి మడిచినట్టేగా అని నవ్వేవాళ్ళకి మడతలమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "అయితే మీరు మడిచింది కట్టుకుని మీరే దూకండి."

అది వేళాకోళం కాదు. విమానంలోంచి దూకడం నేర్పే ఆ బడిలో నియమమే అది. మడిచేవాళ్ళు ఏడాదికోసారి దూకి తీరాలి. వాళ్ళు మడిచినవాటిలోంచి, ఆ పని చూసే మేస్త్రీ చేతికందినది తీసిస్తాడు, కళ్ళు మూసుకుని కట్టుకోవాల్సిందే. కొత్తగా చేరినవాళ్ళకి మేస్త్రీ ఒక పాత కథ చెప్పేవాడు. విమానాలు అప్పుడప్పుడే ఎగురుతున్న కాలంలో ఒక దర్జీ, గాల్లో గొడుగులా విచ్చుకునే కోటు కుట్టాడట. బొమ్మకి తొడిగి పడేస్తానని అనుమతి తెచ్చుకుని, తీరా ఎత్తైన ఇనుప గోపురం ఎక్కాక తనే తొడుక్కుని దూకాడట. కోటు విచ్చుకోలేదు. "వెర్రివాడని లోకం నవ్వింది. కానీ తన కుట్టుని నమ్ముకుని ఇంకొకరి ప్రాణం పణం పెట్టలేదు, అది చూడండి" అనేవాడు మేస్త్రీ. మడతలమ్మ కూడా అంతకుముందు దర్జీ పని చేసిందే. ఆ మాట ఆమెకి బాగా పట్టింది. ఏటా దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ దూకేది, దిగాక గడ్డిలో కూలబడి తనని తనే తిట్టుకునేది.

అలాంటి మనిషికి, ఒక్కగానొక్క కూతురు చెప్పాపెట్టకుండా అదే బడిలో చేరడం పిడుగుపాటే అయింది.

"ఇంతమంది ఆడపిల్లలుండగా నీకే పుట్టాలా ఈ పాడుబుద్ధి?"

"ఇంతమంది అమ్మలుండగా నువ్వే మడవాలా అమ్మా?"

ఆ పిల్లకీ నోరు తల్లిదే. మొదటిసారి దూకడానికి ముందురోజు పొద్దున ఇద్దరికీ ఇంటి పైకప్పు ఎగిరిపోయేంత గొడవ జరిగింది. ఆ రోజు మడతలమ్మ మర్నాటి జట్టు కోసం పారాచూట్లన్నీ ఒక్కతే మడిచింది. చేతులు బల్ల మీద పనిచేశాయి, మనసు ఇంట్లోనే కూతురితో పోట్లాడుతోంది.

మడిచేటప్పుడు గుడ్డ జారకుండా మడతల మీద సీసపు గుళ్ళు పోసి కుట్టిన చిన్న సంచులు బరువుగా పెడతారు. పని అవగానే తీసి పళ్ళెంలో దేని గుంటలో దాన్ని సర్దాలి. మర్నాడు పొద్దున పళ్ళెం చూసేసరికి ఒక గుంట ఖాళీగా ఉంది. మడతలమ్మ బల్ల కింద వెతికింది, జేబులు తడుముకుంది. లేదు. సంచి ఏ మడతలోనో ఉండిపోతే ఆ గుడ్డ విచ్చుకోదు. రెండో పారాచూట్ కట్టే అలవాటు ఆ రోజుల్లో లేదు.

ఇలాంటప్పుడు లాగడానికే గుమ్మం పక్కన గంట తాడు వేలాడుతుంటుంది. లాగితే ఆ రోజు ఎవరూ ఎగరరు, అన్నీ విప్పుతారు, మడిచినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది. మడతలమ్మ ఆ తాడు పక్కనుంచే పరుగెత్తింది.

జట్టంతా విమానం ఎక్కేసింది. చివర కూతురు మెట్టు మీద కాలు పెట్టబోతోంది. మడతలమ్మ వెనకనుంచి వెళ్ళి చెయ్యి పట్టి ఇవతలికి ఈడ్చి, పారాచూట్ పిడి పట్టుకుని లాగేసింది. తెల్లటి గుడ్డంతా నేల మీద పరుచుకుంది. విమానంలోవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె మోకాళ్ళ మీద పాకుతూ మడత మడతా తడిమింది. ఏమీ లేదు. ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

కూతురి మొహం కందిపోయింది. "నన్ను దూకనివ్వకూడదనేగా ఈ నాటకం!"

"నాటకం కాదే తల్లీ. నిన్న బరువు సంచి ఒకటి ఎందులోనో ఉండిపోయింది. నీదాంట్లో లేదు, బతికించావు దేవుడా!"

"మరి వాళ్ళవాటిలో?"

మడతలమ్మ తలెత్తి చూసింది. విమానం తలుపు మూసేశారు, చక్రాలు కదులుతున్నాయి. ఆ క్షణం దాకా ఆమెకి వాళ్ళు గుర్తుకే రాలేదు. తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు, జరిగింది మాత్రం అదే.

కూతురు వీపు మీది పట్టీలు విదిలించుకుని పరుగెత్తి, విమానానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. విమానం కీచుమంటూ ఆగింది.

అన్నీ విప్పారు. సంచి ఒక పొడుగాటి యువకుడి పారాచూట్‌లో దొరికింది. మడతలమ్మని రోజూ "అత్తా" అని పిలిచి ఆటపట్టించేవాడు అతనే. దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇదిగో అత్తా" అని ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఉద్యోగం పోయింది. ఆమె బతిమాలలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన పొరుగింటి వదిన జాలిపడింది. "ఏ తల్లయినా అదే చేస్తుంది, ఊరుకో వదినా" అంది. మడతలమ్మ ఆశగా కూతురివైపు తిరిగింది.

"అంతేగా తల్లీ? ఏ తల్లయినా అంతేగా?"

"అతనికీ తల్లి ఉందమ్మా" అంది కూతురు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా. కానీ కూతురు ఎప్పుడు ఎగురుతోందో, ఎవరు మడిచింది కట్టుకుంటోందో, మడతలమ్మ మళ్ళీ అడగలేదు.