కాలరక్క చిటికెన వేలు

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పద్నాలుగేళ్లుగా చొక్కా కాలర్లు తప్ప మరొకటి కుట్టలేదు గనక అందరికీ కాలరక్క. నిండు చొక్కా కుట్టమంటే బిక్కమొహం వేస్తుంది గానీ, కాలరు మాత్రం కళ్లు మూసుకుని కుట్టేస్తుంది. ఆ చొక్కాలు ఏ దేశం పోతాయని అడిగితే, "మెడ ఉన్నవాళ్లెవరో తొడుక్కుంటారులే" అనేది.

ఆమె కూర్చునే మిషన్ల లైనులో ఎక్కడా రాసిపెట్టని కట్టుబాటు ఒకటుంది. ఆఫీసు మనిషి గడియారం పట్టుకుని వెనక నిలబడితే చేతులు నెమ్మదించాలి. దారం తెగాలి, ముక్క జారి కింద పడాలి. ఆ రోజు ఎవరు ఎంత వేగం చూపిస్తే రేపటినుంచి అందరి నెత్తినా అదే వేగం రుద్దుతారు మరి. కొత్తవాళ్లకు మిషను తొక్కడం కంటే ముందు నేర్పేది ఇదే. పక్క మిషను మీద కాలర్లే కుట్టే సొంత చెల్లెలికి నేర్పింది కాలరక్కే.

చెల్లెలి పనికి వంక పెట్టలేం గానీ, నత్తనడక. అక్క కాళ్లావేళ్లా పడి పెట్టించిన ఉద్యోగం. ఇద్దరిదీ ఒకే గది, ఒకే అన్నం డబ్బా. అక్క తన కట్ట గబగబా ముగించి, చెల్లెలి కట్టలోంచి నాలుగు ముక్కలు లాక్కుని కుట్టిపెట్టేది. ఆ నాలుగు ముక్కల మీదే చెల్లెలి ఉద్యోగం నిలబడి ఉంది.

ఒక రోజు మేనేజరు కాలరక్కను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. పద్నాలుగేళ్లలో లేని మర్యాద. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

"చూడమ్మా, మన కాలరుకు యాభై సెకన్లు పడుతోంది. ఇంకో దేశంలో నలభైకే తీస్తామన్నారట. ఆర్డరు అటు పోతే ఈ లైను లేపేస్తాం. నీ చెల్లెలితో సహా."

"నన్నేం చెయ్యమంటారు సార్?"

"రేపు నీ చేతులు వీడియో తీస్తాం. మొహం పడదులే. కొనేవాళ్లకు చూపించడానికి, అంతే."

"ఆ వేగం అందరికీ పెట్టరు కదా సార్?"

"అబ్బే, అందరూ నీలా కుట్టగలరా ఏంటి."

ఆ ఒక్క పొగడ్తకు పడిపోయింది, పిచ్చిది.

మర్నాడు కెమెరా ముందు తన గుట్టు మొత్తం విప్పింది. మడతలో దారం వేసి కుట్టి, చిటికెన వేలికి చుట్టుకుని ఒక్క లాగు లాగితే కాలరు మొన నిక్కబొడుచుకుని బయటికొస్తుంది. మిగతావాళ్లు పుల్లతో పొడిచి తీస్తారు. ఆ కిటుకు ఆమె సొంతం. గడియారం మనిషి "ముప్పై ఒకటి" అన్నాడు. లైనులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గుండీలు కుట్టే పెద్దామె, "మా కొంప ముంచావు కదే" అంది.

ఆర్డరు నిలిచింది. మేనేజరు అన్నమాట ప్రకారం లైనును ముట్టుకోలేదు. గోడమీది బోర్డులో యాభై చెరిపి ముప్పై మూడు రాయించాడు. రెండు సెకన్లు దయ చూపించాడు మహానుభావుడు. ఇప్పుడు కాలరక్కకు తన కట్టకే ఊపిరాడదు, చెల్లెలి ముక్కలెక్కడ అందుకోగలదు? చెల్లెలు బాత్రూముకు లేవాల్సి వస్తుందని మంచినీళ్లు మానేసింది. అయినా నలభై ఐదు సెకన్ల కంటే కిందికి దిగలేకపోయింది. పంతొమ్మిదో రోజు గడియారం మనిషి ఆమె వెనక నిలబడి, "కావాలనే నెమ్మది చేస్తున్నావు కదూ" అన్నాడు. "లేదు సార్" అందామె. ఆ సాయంత్రమే గేటు కార్డు లాక్కుని పంపించేశారు.

కాలరక్క మేనేజరు దగ్గరికి పరిగెత్తింది. "దాని కోసమే కదా సార్ నేను కుట్టింది."

"అందుకే పంతొమ్మిది రోజులు ఉంచాం" అన్నాడతను, కాగితాల మీంచి తలెత్తకుండా.

గదిలో చెల్లెలు ఒక్క మాట తూలలేదు. "నెమ్మదిగా కుట్టమని నాకు నేర్పింది నువ్వే కదక్కా" అని అటు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేదని కాలరక్క కుమిలిపోయింది.

ఆరు నెలలు తిరిగేసరికి దారం కోసి కోసి ఆమె చిటికెన వేలు పుండయింది, వంగడం మానేసింది. అప్పుడే లైను మొత్తాన్ని పోగుచేసి గోడమీద వీడియో వేశారు. ఆ ఇంకో దేశంలోని ఫ్యాక్టరీ అట. ఎవరో చిన్నపిల్ల చేతులు, మొహం లేదు. మడతలో దారం, చిటికెన వేలు, ఒక్క లాగు. ఇరవై ఆరు సెకన్లు. "చూసి నేర్చుకోండి" అన్నాడు మేనేజరు. ఆ కిటుకు ఎవరిదో లైనులో అందరికీ తెలుసు.

వారం తిరక్కుండా గడియారం మనిషి కాలరక్క వెనక నిలబడ్డాడు. ఆమె పళ్లబిగువున, ప్రాణం పెట్టి కుట్టింది.

"ముప్పై తొమ్మిది. కావాలనే నెమ్మది చేస్తున్నావు కదూ?"

"లేదు సార్."

"నీ చెల్లెలూ ఇదే మాట చెప్పింది" అని రాసుకున్నాడు.