మూడో రోజు పడవ

మా రేవులో పడవ నాదే. వీధిబడిలో గుణింతాలు పూర్తికాకముందే, పంతులుగారి నడక నడిచి చూపిస్తూ ఆయన కళ్ళబడ్డాను. అంతటితో చదువు సరి. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగక్షరాలూ తర్వాతెప్పుడో పడవెక్కిన కరణాలని విసిగించి నేర్చుకున్నవి. నోరు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది. నవ్వు కావలసినవాళ్ళు పై రేవులో పడవ వదులుకుని మరీ నా కోసం కాచుకునేవారు. ఆ నోటితో చేసిన పాడుపని ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాలిక చేదెక్కుతుంది.

ఆ ఏడు పల్నాడు వైపు వానల్లేవు. గోదారి దిగువన దొరలు కాలవలు తవ్విస్తారని ఎవరో చెబితే, తట్టా పారా నెత్తిన పెట్టుకుని జనం మా సీమకి నడిచి వచ్చేరు. కాలవలు అప్పటికి కాగితం మీదే ఉన్నాయి. ఊళ్ళో ఎవరి చావిడీ వాళ్ళకి తెరుచుకోలేదు. మాదీ కలుపుకునే చెబుతున్నాను. మిగిలింది రేవు గట్టున సత్రం ఒక్కటే.

సత్రానికి ఐదు గదులు. గొప్పవాళ్ళెవరైనా వస్తే కావాలని అన్నింటికీ తాళాలు. నేనెరిగి ఆ గదుల్లో దిగిన గొప్పవాళ్ళు, సత్రం పెత్తందారుగారి తోటలో కొబ్బరికాయలు. కాయలు లోపల నీడపట్టున, మనుషులు వీధరుగు మీద. నుయ్యి మైలపడుతుందని పెరటి తలుపుకి కూడా గడియ పెట్టించేరాయన. ఇంక వాళ్ళెక్కడికి వెళ్తారు? రేవు పక్కకే వెళ్ళేరు. పది రోజుల్లో గట్టు మీద కాలు పెట్టడానికి లేకుండా పోయింది. అరుగు మీద తడిబట్టల ముక్కిన వాసన, ఎంగిలాకుల మీద జుమ్మని ఈగలు. మా ఊరివాళ్ళు పైపంచెలు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఏం జనమండీ బాబూ" అనుకుంటూ పోయేవారు. గడియ సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

వాళ్ళొచ్చిన కొత్తలోనే ఓ చిక్కొచ్చింది. బాటసారికి మూడు రోజులు బస, భోజనం అని సత్రం కట్టించినాయన రాతి మీద చెక్కించి పోయేడు. మూడు రోజులూ అయిపోయేయి. పొమ్మంటే పాపం, ఉండమంటే బియ్యం. పెద్దలంతా రేవులో కూర్చుని గెడ్డాలు నిమురుకుంటున్నారు. నేను ఊరుకోవచ్చుగా!

"దీనికింత ఆలోచనెందుకండీ? నా పడవెక్కించండి, అవతల గట్టు ముట్టించి తెచ్చేస్తాను. ఏరు దాటి వచ్చినవాడు కొత్త బాటసారే కదండీ!"

అందరూ పగలబడి నవ్వేరు. పెత్తందారుగారు నవ్వలేదు. నేను ఆ రాతిని వెక్కిరించేననుకున్నాను. ఆయన దాని మీద ఇంకో వరస చెక్కుకున్నారు.

"ఆయ్, బాగుందిరా. ధర్మం తప్పినట్టూ ఉండదు. కానీ పాదం అవతలి గట్టు మీద పడి తీరాలి. నీకు ఆ పూట సత్రంలో విస్తరి వేయిస్తాను."

అలా దాటించినప్పుడల్లా నలుగురైనా విసిగి అటునుంచటే పోతారని ఆయన ఆశ. నా ఆశ విస్తరి.

ప్రతి మూడో రోజూ తట్టా పారాతో సహా అరుగంతా ఖాళీ చేయించి, మూడు నాలుగు దఫాలుగా అటు దింపి, ఇటు తెచ్చేవాణ్ణి. రేవు చేరగానే "కొత్త చుట్టాలొచ్చేరండోయ్!" అని కేకేసేవాణ్ణి. గంగవరం వైపు అరటిగెలలు తీసుకెళ్ళే రైతు గట్టు మీద నిలబడి "ఈళ్ళొచ్చేక మన పడవ మనకి లేకుండా పోయిందండీ" అని తిట్టేవాడు. వాళ్ళని పడవెక్కించింది మనమే కదా అని నేను అనొచ్చు. అనలేదు. విస్తరి ఉందిగా.

వాళ్ళలో ఓ ముసలామె ఉండేది, కొడుకుతో వచ్చింది. నాకు సరిజోడు నోరు. పడవ దిగేది కాదు; అంచు మీంచి కాలు చాపి, అవతలి బురదకి బొటనవేలు తగిలించి, "అయ్యిందా నాయనా, కొత్తదాన్నయ్యానా?" అనేది.

"అయ్యేరు మామ్మగారూ, పెళ్ళికూతురల్లే ఉన్నారు."

"అయితే మొగుణ్ణి వెతుకు. మీ పెత్తందారు తప్ప ఎవురైనా సరే."

శ్రావణంలో ఆమెకి జ్వరం తగిలింది. రెండు మార్లు జ్వరంతోనే దాటించేను. రెండోమాటు పడవలో పడుకునే అడిగింది: "ఏరు దాటిన కొద్దీ నేను కొత్తదాన్నవుతుంటే, ఈ జ్వరం ఎట్టా పాతదవుతోందయ్యా?" నవ్వేను. ఊళ్ళో నాలుగు చోట్ల చెప్పి, నలుగురినీ నవ్వించేను కూడా.

తర్వాతి మూడో రోజుకి గోదారి ఎర్రబడింది. తూరుపుగాలి, సన్నగా ముసురు. ముసలామె అరుగు మీంచి లేవలేదు. పెత్తందారుగారి దగ్గరికెళ్ళేను.

"ఇవాళ్టికి ఆమెని వదిలెయ్యండి. ఓ గది తాళం తియ్యండి, కాయలు నేను జరుపుతాను."

తాటాకు గొడుగు కింద నిలబడి నా మొహంలోకి చూసేరు. "ఒకరికి వదిలితే అందరికీ వదలాలి. అయినా ఈ మాట చెప్పింది నువ్వే కదరా?"

వెళ్ళి పడవ విప్పేను.

కొడుకు ఆమెని ఎత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టేడు. గెడ అందని లోతు, తెడ్లేసి దాటేం. పెత్తందారుగారు ఇవతల గట్టున నిలబడి చూస్తూనే ఉన్నారు. అవతలికి చేరేక కొడుకు ఆమెని దింపి, మడమ పట్టుకుని పాదం బురదకి ఆనించేడు. "అమ్మా, అయ్యింది" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఏదో అంటుందనే నేను ఎదురుచూస్తున్నాను. అతను మళ్ళీ పిలిచేడు. అప్పుడు తెలిసింది నాకు.

అతను తిరిగి పడవెక్కలేదు. కాలవ తవ్వడానికి తెచ్చుకున్న పారతో ఆ గట్టు మీదే తవ్వడం మొదలెట్టేడు. దిగి సాయం పట్టబోతే, నా వైపు చూడకుండానే "పో" అన్నాడు. మిగతావాళ్ళని ఎక్కించుకుని వచ్చేసేను. ఆ వేళ కేక వెయ్యలేదు.

"ఎంతమంది తిరిగొచ్చేరు?" అన్నారు పెత్తందారుగారు.

"ఇద్దరు తగ్గేరండీ."

"మంచిదేలే. చేతులు కడుక్కో, విస్తరి వేసేరు."

కూర్చున్నాను. కిటికీలోంచి గదిలో కొబ్బరికాయలు కనపడుతున్నాయి, గుట్టగా, పొడిగా. అన్నం వేడిగా ఉంది. తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను.

వడ్డించేవాడు అడిగేడు, "ఏంటి, ఇవాళ నోరు పెగలదేం?" అని.

"నోటినిండా మీ అన్నమే కదండీ" అన్నాను.

అందరూ నవ్వేరు.