వద్దానందం గారి స్ప్రింగు

రాజాంలో జ్ఞానానందం నోటి నుంచి మొదట రాలే మాట ‘వద్దు’. ఎవరు ఏమడిగినా, అడగడం సగంలో ఉండగానే, ఆ మాట వచ్చేస్తుంది. టీ తాగుతావా అంటే వద్దు. కూర్చో అంటే వద్దు. వానొచ్చేలా ఉంది అంటే తలెత్తి ఆకాశాన్ని చూసి, వద్దు. ఆయన అలా అన్న పాపానికి ఒకసారి నిండు మబ్బు రాజాం దాటిపోయి బొబ్బిలిలో కురిసిందని పాలకొండ రోడ్డు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జ్ఞానానందం. ఊరు పెట్టిన పేరు వద్దానందం. పోస్టుమేన్ కూడా రెండో పేరుతోనే వాకబు చేస్తాడు.

ముప్పై ఏళ్ల కిందట చర్చిలో ఆయన పెళ్లి జరిగింది. “ఈమెను నీ భార్యగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?” అని పాస్టరు గారు అడిగితే, పెళ్లికొడుకు అలవాటు కొద్దీ “వద్దండి” అన్నాడట. బల్లల మీద ఉన్న రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు. పెళ్లికూతురు ఏసమ్మ మేలిముసుగు కొంచెం ఎత్తి, “మళ్లీ అడగండి పాస్టరు గారూ, కాస్త గట్టిగా” అందట. రెండోసారికి పెళ్లికొడుకు తల గోక్కున్నాడు. మూడోసారికి పాస్టరు గారి చేతిలోని ఉంగరం లాక్కుని, “బేగి కానీండి! వచ్చే ఆదివారానికి వాయిదా ఏస్తారేటి?” అన్నాడట. ఈ కథ నిజమేనా అని ఎవరైనా అడిగితే ఏసమ్మ ఔననదు, కాదనదు. ఆ ఉంగరాన్ని వేలి చుట్టూ ఒకసారి తిప్పుకుంటుంది.

పాలకొండ రోడ్డులో ఆయనకొక కొట్టు ఉంది. స్విచ్చులు బాగుచేసే కొట్టు. ఈ రోజుల్లో స్విచ్చు పాడైతే కొత్తది కొంటారు గాని బాగుచేయించుకునే వాళ్లెవరు? ఆ ప్రశ్న ఆయన్ని అడగకూడదు. రైసుమిల్లులో పనిచేసే అప్పలసూరి ఒకసారి అడిగాడు.

“మావా, ఫేనుకి కొత్త స్విచ్చియ్యి.”

“వద్దు.”

“అమ్ముతావా, అమ్మవా?”

“పాతది నిన్నేటి సేసింది?”

“నొక్కితే పడతన్లేదు.”

“నువ్వు నొక్కితే పడాలని రూలేటి? దాని కష్టం దానికుండదా?”

అప్పలసూరి దండం పెట్టి పాతది ఇచ్చి వెళ్లాడు. మర్నాటికి అది కొత్త పెళ్లికూతురి మెట్టెల్లా ‘టక్’ మంది. ఏ స్విచ్చయినా ఆయన బల్ల మీద ఒక రాత్రి పడుకుంటే చాలు, వయసు పదేళ్లు తగ్గించుకుని లేస్తుంది.

ఆ బల్లకి అవతలి వైపు కూర్చునే మనిషి ఝాన్సీ. పదకొండేళ్ల కిందట పని కోసం గుమ్మంలో నిలబడినప్పుడు ఆమెకీ అదే స్వాగతం దక్కింది.

“పనా? వద్దు.”

“ఎందుకొద్దు?”

“షాకు కొడతాది.”

“నీకు కొట్టదేటి?”

“నాను మగోణ్ణి.”

“కరెంటుకి తెలుసా ఆ సంగతి?”

ఆయన మీసం కింద ఏదో కదిలింది. “ఇంకా నిలబడ్డావేటి? ఆ పీట లాక్కుని కూకో” అన్నాడు.

ఆ పూటే గోడకి బిగించే పియానో స్విచ్చొకటి విప్పి ఆమె ముందు పరిచాడు. గుప్పెట్లో పట్టే చిన్న లోకం అది. పైన వేలు తగిలే తెల్లటి మీట. దాని కడుపులో చీమ నడుమంత సన్నని స్ప్రింగు. కింద ఇటూ అటూ వాలే ఇత్తడి రేకు. రేకు చివర, తెల్లవారుజామున మిగిలిపోయిన నక్షత్రంలా ఒక వెండి చుక్క.

“నీళ్లు తోడే ఏతం సూసినావా?” అని అడిగాడు.

“మా తాత తొక్కీవోడు.”

“ఇదీ ఏతమే. మాను మీద మనిషి ఈ కొస నుంచి నడిసెల్తాడు. సగం దాకా మాను కదల్దు. సగం దాటి ఒక్కడుగేసినాడా, దబ్బున అటు వాల్తాది. ఈ రేకు మాను. ఈ స్ప్రింగు మనిషి.”

“మరి నొక్కినప్పుడు గట్టిగా ఉంటాదెందుకు?”

“స్ప్రింగు నీకు ఎదురు తిరుగుతాది. సగం దాకా నలుగుతా నీ మీద యుద్ధం సేస్తాది. సగం దాటినావా, అదే నీ పక్కకొచ్చీసి, నీకంటే బేగి తోసీస్తాది. నువ్వు నొక్కీది సగమే పిల్లా. మిగతా సగం అదే నొక్కుకుంటాది.”

“ఎదురు తిరక్కపోతే ఏటి?”

“మెత్తగా ఎల్లి మద్దెలో నిలబడిపోతాది. తగిలీ తగలకుండా. ఇక నిప్పురవ్వలే. చిటపటా చిటపటా రేకు మాడిపోతాది. అటుంటే ఎలుతురు, ఇటుంటే సీకటి. రెండూ మంచివే. మద్దెనే మంట.”

ఝాన్సీ ఆ స్ప్రింగుని వేలికొసన పెట్టుకుని చూసింది. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత ఉంది. అది ఒక ఇంటి చీకటిని రోజూ ఇటు నుంచి అటు పడేస్తోందంటే ఆమెకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే పదకొండేళ్లు గడిచాయి.

ఈ పదకొండేళ్లలో ఆమె చూసిన వద్దులు ఒకటా రెండా? చర్చి సెక్రటరీ బెన్హర్ క్రిస్మస్‌కి గోపురం మీద నక్షత్రం కట్టమని అడిగితే, వద్దు. మర్నాడు అడిగితే గుర్రుమన్నాడు. మూడోనాడు అడిగితే నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లి, గోపురానికి కట్టాడు, ప్రహరీకి కట్టాడు, పక్కింటి ములగచెట్టుకి కట్టాడు, ఆ ఇంటి వాళ్ల గేదె కొమ్ములకి కట్టబోతుంటే బెన్హర్ కాళ్లట్టుకున్నాడు. “సాలు మావా, దిగు! ఒక నచ్చత్రం అడిగినాను బాబూ, ఆకాశం మొత్తం అడగలేదు!” ఊళ్లో తెలిసినవాళ్లకి ఈ కిటుకు తెలుసు. తెలియనివాళ్లు మాత్రం మొదటి వద్దుకే చెప్పులేసుకుని వెళ్లిపోతారు.

ఇలా ఉండగా ఝాన్సీ మనసులోకి ఒక గది వచ్చి కూర్చుంది. నిజం గదే. సరిగ్గా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకవతల, నీలం షట్టరుది. అంతకుముందు అందులో ఫోన్ల రీచార్జి కొట్టుండేది. గది యజమాని నరసింగరావు మాస్టారు, బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. ఆ షట్టరు పైన ఖాళీగా ఉన్న గోడని చూసినప్పుడల్లా ఆమెకు అక్కడ తన పేరు కనిపించేది. నాలుగు వీధుల ఆడవాళ్లు మిక్సీ ఆగినా ఫ్యాను ఆగినా ఆమెనే పిలుస్తారు. కాని పిలిచేది ‘వద్దానందం కొట్లో పిల్లా’ అని. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. ఒక్కసారైనా తన పేరు బోర్డు మీద చదువుకోవాలని ఆమె కోరిక.

ముందు మొగుడు ధర్మేంద్రకి చెప్పింది. ధాన్యం లారీ నడుపుతాడతను. “చూద్దాం” అన్నాడు. పెళ్లయిన కొత్తలో సింహాచలం వెళ్దామన్నప్పుడూ చూద్దామనే అన్నాడు. ఆ దేవుణ్ణి ఇంకా చూడలేదు.

మాస్టారిని అడిగితే కళ్లజోడు తుడుచుకుంటూ, “బేగి తేల్చమ్మా. బిర్యానీ కొట్టోడొకడు తిరుగుతన్నాడు. ఆదివారం దాకా ఆగుతాను” అన్నారు.

ఆ మాట విన్నది మొదలు ఝాన్సీకి నిద్రలో కూడా మసాలా వాసన వచ్చేది. తన పేరు ఉండాల్సిన చోట పెద్ద కోడి బొమ్మ కనిపించేది. ఆ కోడి ఆమెను చూసి నవ్వుతుండేది.

గురువారం నాడు గుండె చిక్కబట్టుకుంది.

“మావా, ఎదురు గదిలో నాను కొట్టెట్టుకుందామనుకుంటన్నాను.”

స్క్రూడ్రైవరు ఆగలేదు. “వద్దు.”

“సొంతంగా, నా పేరు మీద...”

“వద్దు. ఎదురుగా నానుండగా నీ కాడికి ఎవులొస్తారు? సరుకెక్కడ తెస్తావు?”

వేరే ఎవరి పనయినా అయితే ఆమె ఎదురు జవాబు చెప్పేదే. కాని ఇది తన సొంత కోరిక, అదీ అన్నం పెట్టిన మనిషికి పోటీగా. అందుకే “సరే మావా” అంది.

పదకొండేళ్లలో ఆయన వద్దుకి ఆమె సరే అనడం అదే మొదలు. స్క్రూడ్రైవరు ఆగింది.

శుక్రవారం పొద్దున్న టీకొట్టు శివాజీ వచ్చి ఎప్పటిలాగే, “టీ తెమ్మంటావా?” అన్నాడు.

“తే” అన్నాడు జ్ఞానానందం.

శివాజీ గ్లాసులు బల్ల మీద పెట్టేశాడు. “ఏటన్నావు?”

“టీ తెమ్మన్నాను.”

శివాజీ ఝాన్సీ దగ్గరకొచ్చి మెల్లగా, “ఒంట్లో బాగులేదేటి? డాక్టరుకి సూపించండి” అని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. ఇద్దరు ముగ్గురు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చారు. “తింటావా?” అంటే వాళ్లకీ “తింటాను” అనే చెప్పాడు. వాళ్లు ఇంకా భయపడి వెళ్లారు.

శనివారం ఏసమ్మ కేరేజీ పట్టుకొచ్చింది. మొగుడు మిల్లుకి వెళ్లి ఇంకా రాలేదు. ఝాన్సీ ముఖం చూసి, కేరేజీ బల్ల మీద పెట్టి కూలబడింది.

“ఏటే గుంటా, ముకం అలగున్నాది?”

ఝాన్సీ అంతా చెప్పింది. గది, పేరు, బిర్యానీ, వద్దు.

“ఎన్నిసార్లడిగినావు?”

“ఒక్కసారే అత్తా.”

“ఓలమ్మో! ఒక్కసారేటే! నా పెళ్లిలో పాస్టరు గారంతటోరు మూడుసార్లడిగినారు!” ఏసమ్మ నెత్తి కొట్టుకుంది. “అదన్నమాట సంగతి. రెండ్రోజుల నుంచి ఇంట్లో ఒకటే చిటపటలు. పప్పులో ఉప్పు లేదని చిటపట, ఉంటే చిటపట. ఆయన్ని సగం నొక్కి వొగ్గీసినావే పిల్లా!”

ఝాన్సీ బల్ల మీది స్ప్రింగుల డబ్బా వైపు చూసింది. అవి వందల కొద్దీ చిన్న చిన్న మెలికలై ఎండలో మెరుస్తున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఎక్కడి నుంచో ధైర్యం కూడా వచ్చింది.

జ్ఞానానందం సైకిలు స్టాండు వేయకముందే ఎదురెళ్లింది.

“మావా, ఎదురు గది నాను తీసుకుంటన్నాను.”

“వద్దు.”

“తీసుకుంటన్నానని సెప్తన్నాను. అడగలేదు.”

“సరుకు?”

“నువ్వు తెచ్చిన కాడే తెస్తాను. విజయనగరం బస్సు నీ ఒక్కడికే ఎయ్యలేదు.”

“ఎదురుగా నానుండగా నీ కాడికి ఎవులొస్తారు?”

“నీ కాడికి పది మందొస్తే అయిదుగురు నీ మొదటి వద్దుకే ఎల్లిపోతన్నారు. ఆళ్లు నాకు సాలు. నువ్వలా వద్దంటా ఉండు మావా, నా కొట్టు నిండిపోతాది!”

గుమ్మంలో ఏసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జ్ఞానానందం సైకిలు అలాగే పట్టుకుని ఆ పిల్లని చూశాడు. మీసం ఒక పక్క వంగింది. రెండో పక్కా వంగింది. ఆ తర్వాత ఆయన ఆగలేదు.

“ఐతే ఇంకా నిలబడ్డావేటి? తాళం తెచ్చినావా? బోర్డు ఏ రంగు? ఎరుపొద్దు, పసుపు. నీ పేరు చుట్టూ లైట్లు. అచ్చరానికి పన్నెండు! కరెంటు మీటరు కాగితం మీద సంతకం ఎట్టినావా? ఇంకా ఎట్టలేదా? ఓసి నిదానమా! ఏసమ్మా, నా నిచ్చెనేదే?”

అన్నం తినమని ఏసమ్మ అరుస్తుంటే వినకుండా రోడ్డు దాటి, తాళం వేసున్న షట్టరుని అప్పుడే జానతో కొలవడం మొదలెట్టాడు.

ఝాన్సీ మాస్టారింటికి పరుగెత్తింది. ఆయన అప్పటికే తాళంచెవికి పసుపు రాసి, చిన్న పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నారు.

“మాస్టారూ, బిర్యానీ ఆయనకి ఇచ్చీలేదు గదా?”

“ఏ బిర్యానీ?” అని మాస్టారు నాలిక కరుచుకున్నారు. అంతలోనే పగలబడి నవ్వారు. “ఇక దాచడమెందుకులే. మూడు నెల్ల కిందట మీ మావ అట్టపెట్టి మూతొకటి పట్టుకొచ్చినాడు. దాని మీద నీ పేరు నాలుగు రకాలుగా రాసుకున్నావంట కదా. అది నాకు సూపించి, ‘ఈ గది ఎవులికీ ఇవ్వొద్దు మేస్టారూ’ అన్నాడు. ఆ పిల్లకి నానే సెప్పనా అంటే వద్దు. నువ్వే సెప్పు అంటే వద్దు. ‘అదే అడగాల’ అన్నాడు. నువ్వొచ్చినా నసుగుతా ఎల్లిపోతావని ముందే తెలుసు కాబోలు, ఎవులో పోటీకొస్తన్నట్టు సెప్పమన్నాడు. చెప్పుల కొట్టని సెప్తానన్నాను. ‘వద్దు, బిర్యానీ అనండి. చెప్పులైతే ఊరుకుంటాది’ అన్నాడు.”

ఝాన్సీ పళ్లెం వైపు చూసింది. పసుపు అంటిన తాళంచెవి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా కనిపించింది. కళ్లు తుడుచుకుని, “మరి నాతో వద్దని ఎందుకన్నాడు?” అంది.

“నానూ అడిగినానమ్మా. ఏతం, మాను, తొక్కుడు అని ఏదో సెప్పినాడు. నాను డ్రాయింగు మేస్టర్ని, నాకేటి తెలుస్తాది?”

తిరిగొచ్చేసరికి జ్ఞానానందం షట్టరు ముందు స్టూలెక్కి, సుద్దముక్కతో గోడ మీద ఆమె పేరుకి కొలతలు గీస్తున్నాడు. ‘ఝా’ ఒక్కటే ఆటో అంత వచ్చింది. ఝాన్సీ నడుం మీద చేతులు పెట్టుకుని కింద నిలబడింది.

“మావా.”

“ఊఁ.”

“ఆ బిర్యానీ కొట్టోడు ఏటయిపోయినాడు?”

సుద్దముక్క ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“ఏటి పిల్లా,” అన్నాడు, ‘న్సీ’కి గుడిదీర్ఘం పెడుతూ. “ఆకలేస్తన్నాదా?”