గంగాధరం ఫ్యానుకు సెలవు లేదు

మా గంగాధరం కష్టపడి సాధించిన మొదటి విజయం, తన మిద్దె మీది రేకుల గదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను నోరు మూయించడం. మూతపడిన కోళ్ళ షెడ్డు నుంచి తెచ్చిన ఫ్యాను అది. తిప్పితే వీధి కుక్కలు గుంపుగా వచ్చి మొరిగేవి. పంతొమ్మిది రోజులు విప్పాడు, బిగించాడు. ఇరవయ్యో రోజు ఉదయం చప్పుడు ఆగింది. కరెంటు పోయిందనుకుని వీధిలో అందరూ బయటికి వచ్చి చూశారు. పూతలపట్టు దాపున మా పల్లెకు ఆర్టీసీ బస్సు తెప్పించినవాణ్ణి నేను. పాల సంఘానికి పదకొండేళ్ళు అధ్యక్షుణ్ణి. ఆ బస్సు కోసం కూడా నేను అంత పాటు పడలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఇంకెక్కడా ఒప్పుకోను.

చప్పుడు ఆగింది కదా, ఇక మనిషి కుదురుగా కూర్చుంటాడని ఆయన భార్య రుక్మిణమ్మ అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి వచ్చింది. కాయ వృథా అయింది. ఆ ఫ్యాను తిరిగినన్ని చుట్లు ఈయనా తిరగడం మొదలుపెట్టాడు. పల్లె వదిలి ఇప్పుడు మేముంటున్న చిత్తూరులో వాళ్ళది మా ఎదురిల్లు. బెల్లం మండీలో ముప్పై ఏళ్ళు తూకం చూసి విశ్రాంతి తీసుకోవలసిన మనిషి, కాఫీ సగం కింద తాగి, సగం మెట్ల మీద తాగేవాడు.

"రెండు ముద్దలు తినిపోరాదా?" అని ఆమె అరిచేది.

"రెక్క మీద దుమ్ము పడింటాది, తుడిసి వస్తా."

"పొద్దున్నే తుడిసినావు కదయ్యా!"

"దుమ్ముకు ఆ సంగతి తెల్దే!"

రోజుకు మూడు తడవలు రెక్కలు తుడిచేవాడు, అదీ ఉతికిన తెల్ల పంచెగుడ్డతో. రుక్మిణమ్మ దేవుడి పటాలు కూడా అంత మడిగా తుడవలేదు. బేరింగుకు కుట్టుమిషను నూనె అగ్గిపుల్లతో ఒక్క బొట్టు వేసి, పొంగిందేమోనని మళ్ళీ ఆ బొట్టునే తుడిచేవాడు.

పరాయి ఫ్యాన్లనూ వదిలేవాడు కాదు. ఎవరింటికి పోయినా ముందు పైకి చూసి, ఆ తరువాత మనుషుల్ని పలకరించేవాడు. "ఈ ఫ్యానుకు ఆయాసం ఉండాదప్పా. కొంచేపు ఆపండి" అనేవాడు. తిరుపతిలో మా చెల్లెలి మనవరాలు పల్లవి పెళ్ళికి తీసుకుపోయాను. సరిగ్గా ముహూర్తానికి మంటపంలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. వరుడి పెదనాయన సుబ్రమణ్యం చెమట తుడుచుకుంటూ గట్టిగా అరిచాడు.

"ఎవురప్పా స్విచ్చి ఆపింది?"

"నేనే. పెండ్లికొడుకు నెత్తిమీద ఫ్యాను ఊగతా ఉండాది. మూడో రెక్క బరువు తప్పింది."

"తాళి కట్టనియ్యి సామీ!"

"కట్టనియ్యండి. దానికి గాలెందుకు?"

అందరూ నా వైపు చూశారు, తెచ్చింది నేను గనుక. నేను తమలపాకుల వైపు చూశాను.

ఇంతవరకైతే ఫ్యాను పిచ్చి అనుకుని నవ్వి ఊరుకునేవాళ్ళం. పోయిన ఏడాది ఆయన ఉన్నట్టుండి వీధి వైపు గోడలో ఉన్న ఆ ఫ్యానును పీకి, పక్కింటి వైపు గోడకు కన్నం కొట్టి బిగించాడు. అటువైపు చంద్రకాంతమ్మ మిద్దె. దాని మీద ఆమెది రేకుల పంచ. భర్త పోయాక మినప అప్పడాలు చేసి, కళ్యాణ మంటపాలకూ హోటళ్ళకూ వేసి, ఇద్దరు ఆడబిడ్డల్ని చదివిస్తున్న మనిషి ఆమె.

ఆ మూడు తడవల తుడుపూ, నూనె బొట్టు భయమూ మొదలైనవి కూడా అప్పటి నుంచే. వింత అక్కడితో ఆగలేదు. ఎండాకాలంలో ఆ ఫ్యాను అప్పుడప్పుడూ తిరిగేది. కార్తీకంలో ముసురు పట్టి మేమందరం దుప్పట్లలో దూరితే మాత్రం తెల్లవారినప్పటి నుంచీ పొద్దుగూకేదాకా తిరిగేది.

"వానలో ఎవురికప్పా ఫ్యాను?" అన్నాను.

"పరీచ్ఛ చేస్తా ఉండా అన్నా. ఎండలో ఏ ఫ్యానన్నా తిరగతాది. దాని సత్తా వానలోనే తెలిసేది."

ఆ జవాబు విని, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైనా మతి మాత్రం ముందే పోయిందనుకున్నాను.

ఈ నవంబరు మొదట్లో ఆయనకు కంటి శుక్లం తీశారు. తిరుపతిలో కూతురు లోకేశ్వరి ఇంట్లో ఉండాలి, మెట్లు ఎక్కకూడదు, దుమ్ము తగలకూడదు అన్నారు. తోడుగా రుక్మిణమ్మ కూడా పోయింది. బస్సెక్కే ముందు గంగాధరం ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"అన్నా, ఎండ కాసిన పొద్దు ఆపినా ఏం కాదు. వాన పడతా ఉంటే మాత్రం ఆపొద్దు. రెక్కలు ఉతికిన గుడ్డతోనే తుడువు. నూనె ఒగటే బొట్టు."

"పాల సంఘమే నడిపినోణ్ణి, ఫ్యాను నడపలేనా? పోప్పా."

మూడో రోజు వాన పట్టుకుంది. తేమకు మోటారు చెడుతుందని నా సొంత తెలివితో పోయి స్విచ్చి ఆపాను. ఇంటికి వచ్చి అరగంట కాలేదు, పిండి చేతులతోనే చంద్రకాంతమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నా, ఈ పొద్దు పరీచ్ఛ లేదా?"

"ఏం పరీచ్ఛమ్మా?"

"ఫ్యాను పరీచ్ఛ! అప్పడం అంచు లేస్తే గాలి సరింగా ఉన్నట్లంట, లేవకుంటే బేరింగు పోయినట్లంట. వాళ్ళింట్లో అప్పడాలు లేవని నన్ను అడిగినాడు. ఒగటి పరిస్తే సాలదంట, తట్టలు తట్టలు పరవాలంట. పోయినేడు వానల్లో నాలుగు దినాలు నా ఎనకనే తిరిగినాడు. మనిషి అట్లా బతిమాలతా ఉంటే ఎట్ల కాదనేది? పాపం, ఆయన పిచ్చికి నేను సర్దుకుంటా ఉండా."

ఆమె చెప్పుకుపోతూనే ఉంది.

"కళ్యాణ మంటపంలో మునిరత్నం కూతురు పెండ్లికి శుక్రవారానికి వెయ్యి అప్పడాలు ఇయ్యాల. ఆయన పరీచ్ఛ కోసమని అన్నీ ఆడనే పరిసినా. ఇప్పుడు మీరు ఆపేస్తే బూజు పట్టదా? ఆర్డరు పోతే మళ్ళా ఆ మంటపంవాళ్ళు నన్ను పిలుస్తారా?"

అంతకు ముందటి వానాకాలం, అప్పడాలు ఆరబెట్టుకోమని మా వసారా ఇస్తానన్నాను నేను. "ఒకరి పంచన ఆరబెట్టుకునే గతి నాకింకా పట్టలేదు" అని మూడు నెలలు నాతో మాట్లాడలేదు ఆ తల్లి. రుక్మిణమ్మ తన ముందు గది ఇస్తానన్నప్పుడూ అదే జవాబు. మా ఇద్దరికీ ఇవ్వడమే తెలుసు. గంగాధరం అడుక్కున్నాడు.

రోజుకు మూడు తడవల తెల్ల పంచెగుడ్డ ఎందుకో, ఆ ఒక్క నూనె బొట్టుకు అంత భయమెందుకో నాకు అప్పుడు తెలిసింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. "పరీచ్ఛ సంగతి మరిసిపోయినా. గంగాధరానికి తెలిస్తే నన్ను బతకనియ్యడు. నువ్వే ఎట్లయినా అప్పడాలు పరిసి నన్ను కాపాడాల."

ఆమె కాస్త బెట్టు చేసింది. "సరేలే, పెద్దోళ్ళు అడగతా ఉండారని" అంది.

నేను వానలో తడుస్తూ పోయి, డెబ్బై నాలుగేళ్ళ కాళ్ళతో మెట్లెక్కి, తొందరలో ఫ్యానును నిండు వేగంలో పెట్టాను. పక్క మిద్దె మీద నుంచి కేక వినిపించింది.

"అన్నా! అంచులు లేయమంటే అప్పడాలే లేస్తా ఉండాయి!"

నలభై అప్పడాలు ఆమె గోడకు అతుక్కున్నాయి. రెండు వీధిలోకి పోయాయి. వేగం తగ్గించాను. శుక్రవారానికి తక్కిన అప్పడాలన్నీ గలగలలాడుతూ ఆరాయి, పోయిన వాటికి బదులు ఆమె మళ్ళీ ఒత్తింది, వెయ్యీ పెళ్ళికి చేరాయి.

ఆ సాయంత్రం గంగాధరం ఫోను చేశాడు.

"అన్నా, అంచు లేస్తా ఉండాదా?"

"లేస్తా ఉండాది. ముందే నాకు చెప్పుండకూడదా, దొంగా?"

"ఏం చెప్పేదన్నా? ఉపకారమని ఒగ మాట బయటికి వస్తే, ఆ యమ్మ తట్ట ఎత్తుకొని లోపలికి పోతాది."

అందుకే ఇందులో ఆమె పేరు మార్చి రాశాను. గంగాధరం పేరు మార్చలేదు. ఆయన ఇది చదవడు, చదవాలంటే కూర్చోవాలి కదా.

ఇంతలో లోకేశ్వరి ఫోను లాక్కుంది. "పెదనాయనా, మా నాయన ఒంటి కన్నుతో స్టూలెక్కి మా ఇంట్లో ఫ్యాను విప్పినాడు. దుమ్ము కంట్లో పడింది. డాక్టరు తిట్టి, ఇంగో వారం కదలొద్దన్నాడు."

వాన ఇంకా పడుతూనే ఉంది. నేను రోజుకు మూడు తడవలు మెట్లెక్కుతున్నాను, ఉతికిన పంచెలు రెండు అయిపోయాయి. చంద్రకాంతమ్మ మాత్రం ఎదురైనవాళ్ళందరితో అంటోంది, "ఈయనకీ పట్టుకున్నట్లుండాది ఆ పిచ్చి. పాపం, ఈయనకీ నేనే సర్దుకుంటా ఉండా." గంగాధరం వచ్చేది నవంబరు ఇరవై మూడు, ఆదివారం.