షెరీఫ్ గుర్రమెక్కని రోజు

కోవిడ్‌కి ముందటి అక్టోబరులో, డాలస్‌కి పడమరన ఉన్న ఒక పశువుల రాంచ్‌లో సెట్ మెడిక్‌గా నాకు పని దొరికింది. షూటింగ్ జరిగేచోట ప్రథమ చికిత్సకు ఉండే నర్సును అలా అంటారు. అంతకుముందు నాది హాస్పిటల్‌లో ఎమర్జెన్సీ వార్డు ఉద్యోగం.

అక్కడ తీస్తున్నది రీయూనియన్ సినిమా. ఒకప్పుడు టీవీలో ఏళ్ల తరబడి నడిచిన కౌబాయ్ సీరియల్ నటులను ముసలితనంలో మళ్లీ పోగుచేసి, అవే పాత్రలతో కొత్త కథ తీస్తారు. రాలేనివారి పాత్ర చనిపోయినట్టు స్క్రిప్టులో రాసేస్తారు. ఇందులో అప్పటికే ఇద్దరికి సమాధులు కట్టారు.

ఊరికి పోలీసు పెద్ద అయిన షెరీఫ్ వేషం హ్యాంక్‌ది. ఎనభై దాటిన మనిషి. ఆ రోజు తుపాకులు పేలుతుండగా ఆయన వీధి పొడవునా గుర్రం మీద దూసుకుపోవాలి. డూప్ ఉన్నాడు. అయినా ముఖం కనబడాల్సిందేనని డైరెక్టర్ పట్టుబట్టాడు, హ్యాంక్ సరేనన్నాడు. పొద్దున రిహార్సల్‌లో ఉత్తుత్తి తూటా పేలగానే ఆ గుర్రం బెదిరి ముందుకాళ్లు పైకెత్తింది.

షాట్‌కి ముందు బీపీ చూడడం నా డ్యూటీ. టెంట్‌లో ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాను. మోచేతి కింద అంతా కమిలిన ఊదారంగు మచ్చలు, వాటి మీద మేకప్. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే అలా కములుతుంది. తల నేలకు తగిలేలా పడితే లోపలి రక్తస్రావం ఆపడం కష్టం. పెద్ద హాస్పిటల్ చాలా దూరం.

అసిస్టెంట్ డైరెక్టర్ ప్రియ లోపలికి తొంగిచూసింది. డాలస్ పక్కనే కాపెల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మా తెలుగు చర్చి వాళ్లమ్మాయి.

"ఆంటీ, సన్‌లైట్ పోతుంది. హ్యాంక్ రెడీనా? డైరెక్టర్ చాలా మ్యాడ్‌గా ఉన్నాడు."

"కాసేపు ఆగమ్మా. బయటే ఉండు, ఎవరినీ లోపలికి రానివ్వకు."

ఆమె వెళ్లాక మందు సంగతి అడిగాను. వాడుతున్నానని హ్యాంక్ ఒప్పుకున్నాడు. కంపెనీకి చెబితే తన పాత్రకూ సమాధి కడతారని దాచాడట. తర్వాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ గుర్రాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. షెరీఫ్‌ని, ఆ మాట నేనెలా అనను? మీరే వద్దని చెప్పండి."

నాకూ భయమే. షాట్ ఆపిన మెడిక్‌ను మళ్లీ పనికి పిలవరు. రేడియో తీసి "మెడికల్ హోల్డ్" అన్నాను. వైద్య కారణంతో పని ఆపమని దాని అర్థం. డైరెక్టర్ కూడా దాన్ని దాటకూడదు.

డైరెక్టర్ విసురుగా వచ్చి కారణం చెప్పమన్నాడు. కారణం పేషెంట్‌కీ నాకూ మధ్యదని, హ్యాంక్ గుర్రమెక్కడానికి మాత్రం వీల్లేదని చెప్పాను. అందరి ముందూ కేకలేశాడు.

"ఆంటీ, ఆర్ యూ షూర్?" ప్రియ దగ్గరికొచ్చి అడిగింది.

"షూరే."

డూప్ గుర్రమెక్కాడు. తుపాకి పేలిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. గుర్రం ఒక్కసారీ బెదరలేదు. డైరెక్టర్ నా వైపు ఒకసారి చూసి తర్వాతి షాట్‌కి వెళ్లిపోయాడు.

మర్నాడు హ్యాంక్ తానే మందు సంగతి కంపెనీకి చెప్పాడు. పాత్రను చంపలేదు, నేలమీద నిలబెట్టే మిగతా సీన్లు తీశారు. ఆ కంపెనీ నన్ను మళ్లీ పిలవలేదు.

జరగకుండా ఆపిన ప్రమాదం ఎవరికీ కనబడదు. ఆపడం సరైనదేనని తర్వాత రుజువు దొరుకుతుందని ఎదురుచూడకూడదు. రిటైరయ్యేలోగా వేరే కంపెనీల్లో ఇంకా కొన్నిసార్లు షూటింగులు ఆపాను. ఆపిన ప్రతిసారీ భయపడ్డాను.