గులకరాళ్ళ మీద గౌరమ్మ

ఈ పరాయి దేశంలో మా బిల్డింగ్ వెనక వాగు మోకాలి లోతే. పైఅంతస్తు ముసలావిడ దాన్ని తనే తవ్వించినట్టు కాపలా కాసేది. సముద్రం నుంచి సాల్మన్ చేపలు ఎదురీదుకుంటూ వచ్చి, అడుగున గులకరాళ్ళ సందుల్లో గుడ్లు పెడతాయట. వాటి కోసం ఆవిడా, కొందరు వీధివాళ్ళూ ఎండలున్నన్నాళ్ళూ ఇనుపపళ్ళ కర్రలతో రాళ్ళు కదిలించి బురద వదిలించేవారు. అప్పట్లో నాకదేమీ తెలియదు. సద్దుల బతుకమ్మను పారే నీళ్ళలో సాగనంపాలి, అంతవరకే తెలుసు.

ఆ సాయంత్రం మూడిళ్ళ ఆడవాళ్ళం పార్కింగ్ దగ్గర ఆడి పాడి, తాంబాలం ఎత్తుకుని వాగులోకి దిగాం. ముందు నేనే కాలు పెట్టాను. వెనక నుంచి "రౌస్!" అని అరుపు. వాళ్ళ భాషలో బయటికి రమ్మని. ఆవిడ కర్ర ఊపుకుంటూ వస్తోంది. పదేళ్ళ మా కూతురే మాకు దుబాసీ.

"అమ్మా, ఇప్పుడు ఫిష్ వచ్చే టైమంట. ఆ రాళ్ళల్లనే గుడ్లు పెడతయంట. తొక్కొద్దంట."

"ఏడాదికొక్కసారి వచ్చే పండుగ అని చెప్పు."

చెప్పింది. ఆవిడ ఠక్కున ఏదో అంది.

"చేపలకు గూడ ఏడాదికొక్కసారేనంట."

పక్కింటి చెల్లి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "ఆ చేపలను నెత్తిన వెట్టుకొని ఊరేగుమని చెప్పు."

"అమ్మా, దట్స్ రూడ్. నేను చెప్పను."

గట్టెక్కి, అక్కడి నుంచే బతుకమ్మను నీళ్ళలోకి తోశాను. నాలుగు బారలు పోయిందో లేదో, ఆవిడ కర్రతో ఒడ్డుకు లాగింది. పసుపు గౌరమ్మతో సహా ఎత్తి, కూరగాయల తొక్కులు వేసే బయో డబ్బాలో పడేసింది. పక్కింటి చెల్లి నవ్వు ఆగిపోయింది.

"వచ్చే ఏడు బాత్‌టబ్‌ల వేద్దాంలే," అన్నాడు మా ఆయన, ఇంటికొచ్చాక.

"నువ్వు తానం జేసే దాంట్లనా గౌరమ్మను? ఆ వాగేమన్నా ఆమె అబ్బ సొత్తా?"

ఆవిడ సొత్తు కాదట. ఒడ్డున ఎవరేం చేయాలో వాగు సంఘం కూర్చుని తేలుస్తుందట, వీధిలో ఉండే ఎవరైనా అందులో చేరొచ్చట.

"అయితే నన్ను జేర్పించు," అన్నాను.

చేపల మీద ప్రేమతో చేరలేదు. చలికాలమంతా ఒడ్డున సీసాలూ సిగరెట్ ముక్కలూ ఏరాను. ఎండలు రాగానే రబ్బరు బూట్లు వేసుకుని ఆవిడ పక్కనే నీళ్ళలో నిలబడ్డాను. రాళ్ళు కదిలిస్తే బురద పొగలా లేచి పోయేది. నేను దువ్విన చోటే ఆవిడ నా కళ్ళెదుటే మళ్ళీ దువ్వేది. ఆవిడ దువ్విన చోట నేనూ దువ్వేదాన్ని. గుటెన్ మోర్గెన్ అనే పొద్దుటి పలకరింపు కూడా లేదు మా మధ్య. మా పంతానికి ఆ రాళ్ళు మాత్రం తోమిన గిన్నెల్లా మెరిశాయి.

పండుగ ముందు సంఘం మీటింగ్‌లో లేచాను. గులకరాళ్ళు లేని చోటు, వంతెన దిగువన ఇసుక దగ్గర సాగనంపుతాం, దారం వద్దు, మెరుపు కాగితం వద్దు, ఉత్త పూలే అని మా కూతురితో చెప్పించాను. ఒప్పుకుంటూ సగం మందికి పైగా చేతులెత్తారు. ముసలావిడ చేతులు కట్టుకునే కూర్చుంది.

పండుగనాడు, కొత్తగా వచ్చిన వరంగల్ అమ్మాయి కాళ్ళు కడుక్కుందామని వంతెన ఎగువన, సరిగ్గా ఆ రాళ్ళ మీదికే దిగబోయింది.

"రౌస్!" అన్నాను. వాగంతా వినబడింది.

ఆ పిల్ల బెదిరిపోయి గట్టెక్కింది. పక్కింటి చెల్లి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందక్కా, ముసలామె పూనిందా నీకు?"

ఆవిడ వంతెన మీదే ఉంది, చేతిలో కర్రతో. ఇసుక దగ్గర వంగి బతుకమ్మను వదిలి, ఓరకంట ఆ కర్రనే చూస్తూ నిలబడ్డాను. గౌరమ్మ మలుపు తిరిగేదాకా అది కదలలేదు.